వరంగల్ ఎన్‌ఐటీలో మెటలర్జీ సీటు తీసుకోవచ్చా? మెటీరియల్స్ చదివితే ముందున్న దారులేమిటి?

నమస్కారమండీ. మీరు అడిగింది ఇది: మీ అమ్మాయికి జేఈఈ ర్యాంకు మీద వరంగల్ ఎన్‌ఐటీలో మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజినీరింగ్ వచ్చేలా ఉంది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ సీటు కూడా ఖాయంగా ఉంది. తనకు ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ ఇష్టం, కోడింగ్ మీద అంత ఆసక్తి కనిపించలేదు. బంధువులేమో "మెటలర్జీ అంటే కొలిమి పని, ఆడపిల్లకెందుకు, ఉద్యోగాలు కూడా ఉండవు" అంటున్నారు. ఏది తీసుకోవాలి?

ఎన్‌ఐటీ సీటే తీసుకోండి. కాకపోతే దీన్ని నాలుగేళ్ల చదువుగా కాదు, ఆరేళ్ల చదువుగా లెక్కేసుకోండి. ఇంట్లో అప్పులుండి, బీటెక్ అవగానే మంచి జీతం రావడం తప్పనిసరి అయితే మాత్రం సీఎస్‌ఈ వైపు వెళ్లడమే మేలు. అలాంటి ఒత్తిడి లేకపోతే, మీరు రాసినదాన్ని బట్టి ఆ అమ్మాయికి ఈ సబ్జెక్టు సరిపోతుందనే నా నమ్మకం. నేను మెటలర్జీ చదివి చాలా ఏళ్లుగా హైదరాబాద్‌లోనే హీట్ ట్రీట్‌మెంట్ (లోహాన్ని వేడి చేసి చల్లబరిచి గుణం మార్చడం), విరిగిపోయిన యంత్ర భాగాల పరిశీలన పనుల్లో ఉన్నాను. కొత్తగా చేరే పిల్లల్ని ఇంటర్వ్యూ చేసే పని కూడా నాదే కాబట్టి రెండు వైపులా చూసి చెప్తున్నాను.

ముందు ఈ చదువు దేని గురించో చెప్పాలి. చేరిన పిల్లల్లో చాలామందికి కూడా రెండో సంవత్సరం దాకా అది తెలియదు. ఊళ్లో కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచుతాడు. ముంచితే గట్టిపడి పదును నిలుస్తుంది. అదే కొడవలిని కాల్చి బూడిదలో పెట్టి నెమ్మదిగా చల్లారనిస్తే మెత్తగా ఉంటుంది. రెండుసార్లూ ఇనుము ఒకటే, అందులోని కార్బన్ ఒకటే. మారింది లోపల పరమాణువులు సర్దుకున్న తీరు. 0.8 శాతం దగ్గర కార్బన్ ఉన్న స్టీల్‌ను 727 డిగ్రీల సెల్సియస్ దాటించి నెమ్మదిగా చల్లబరిస్తే పెర్లైట్ అనే మెత్తని అమరిక వస్తుంది, చటుక్కున చల్లబరిస్తే మార్టెన్‌సైట్ అనే గట్టి అమరిక వస్తుంది. ఆ అమరికను చూడటం, కొలవడం, మనకు కావలసినట్టు మార్చడం, ఇదీ మెటీరియల్స్ సైన్స్ చేసే పని. లోహాలతో మొదలైనా ఇప్పుడు ఇందులో సిరామిక్స్, పాలిమర్లు, సెమీకండక్టర్లు, బ్యాటరీ పదార్థాలు అన్నీ కలిశాయి. కొలిమి ఇందులో ఉన్న మాట నిజమే, కానీ అది ఒక చిన్న మూల.

మా పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చెప్తాను. ఒక సిమెంటు ఫ్యాక్టరీలో గేర్‌బాక్స్ షాఫ్ట్ విరిగింది. ఈఎన్24 అనే రకం మిశ్రమ స్టీల్. సరఫరా చేసినవాళ్లు నాసిరకం మెటీరియల్ ఇచ్చారని ఫ్యాక్టరీవాళ్లు, మీరే ఓవర్‌లోడ్ చేశారని సరఫరాదారులు. విరిగిన రెండు ముక్కలూ మా ల్యాబ్‌కు వచ్చాయి. కెమికల్ అనాలిసిస్ చేస్తే గ్రేడుకు సరిగ్గా సరిపోయింది. విరిగిన ముఖం మీద మాత్రం సముద్రపు ఒడ్డున అలలు వదిలే గీతల్లాంటివి వరుసగా ఉన్నాయి. వాటిని బీచ్ మార్క్స్ అంటాం. అవి ఉన్నాయంటే షాఫ్ట్ ఒక్క దెబ్బకు విరగలేదు, అది తిరిగిన ప్రతి చుట్టుకూ పగులు కొద్దికొద్దిగా పెరుగుతూ వచ్చిందని అర్థం. ఆ గీతల వెంట వెనక్కి వెళ్తే అన్నీ ఒకే చోటికి చేరాయి. బేరింగ్ కూర్చునే చోట షాఫ్ట్ అరిగితే, గతంలో ఎవరో వెల్డింగ్‌తో నింపి లేత్ మీద మళ్లీ సైజుకు తెచ్చారు. ఈఎన్24ను ముందుగా వేడి చేయకుండా వెల్డ్ చేస్తే, వెల్డింగ్ పక్కనున్న లోహం చటుక్కున చల్లారి పెళుసు మార్టెన్‌సైట్‌గా మారుతుంది. మిగతా షాఫ్ట్ హార్డ్‌నెస్ విక్కర్స్ స్కేలు మీద 300 దగ్గర ఉంటే అక్కడ 600 దాకా వచ్చింది. ఆ పెళుసు పొరలో వెంట్రుకవాసి పగులు పుట్టింది, తిరిగే షాఫ్ట్ దాన్ని పెంచుకుంటూ పోయింది. మెటీరియల్ తప్పు లేదు, ఓవర్‌లోడూ లేదు. వెల్డింగ్‌కు ముందు 250-300 డిగ్రీల దాకా వేడి చేసి, తర్వాత స్ట్రెస్ రిలీవింగ్ (లోపల మిగిలిన ఒత్తిడి పోయేలా మళ్లీ వేడి చేయడం) చేసి ఉంటే ఆ షాఫ్ట్ ఇంకా తిరుగుతూ ఉండేది.

పై పేరా మీ అమ్మాయిని చదవమనండి. "మరి నెమ్మదిగా చల్లారితే మార్టెన్‌సైట్ ఎందుకు రాదు?" లాంటి ప్రశ్న తనంతట తను అడిగితే ఈ బ్రాంచ్‌లో చేర్చడానికి వెనకాడొద్దు. చదివి పక్కన పెట్టేస్తే మరోసారి ఆలోచించండి. ఇంటర్వ్యూల్లో నేను మార్కుల కంటే ఎక్కువగా చూసేది కూడా ఇలాంటి ప్రశ్న అడిగే గుణాన్నే.

ఆరేళ్లని ఎందుకన్నానంటే, బీటెక్‌తో దొరికే కోర్ ఉద్యోగాలు ఎక్కువగా ప్లాంటులో ఉంటాయి: స్టీల్ ప్లాంట్, ఫౌండ్రీ, ఫోర్జింగ్ షాప్, క్వాలిటీ విభాగం. మంచి పనే, నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. కానీ మొదటి జీతం సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే తక్కువ, షిఫ్టులుంటాయి, ఊరు మీరు ఎంచుకునేది కాదు. కొత్త మిశ్రమ లోహం తయారుచేయడం, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ దగ్గర కూర్చుని కారణం వెతకడం, బ్యాటరీ పదార్థాలు రూపొందించడం లాంటి పనులకు ఎంటెక్ గానీ పీహెచ్‌డీ గానీ అడుగుతారు. అందుకే బీటెక్ దగ్గర ఆగిపోయి "ఈ బ్రాంచ్‌లో ఏమీ లేదు" అని నిరాశపడినవాళ్లు కనిపిస్తారు. రెండేళ్లు ఎక్కువ చదివిన వాళ్ల క్లాస్‌మేట్లు ఇప్పుడు చేస్తున్న పని చూస్తే వాళ్ల మాట మారుతుంది.

ఆ రెండేళ్లూ మీ మీద పెద్ద భారం పడదు. గేట్‌లో మెటలర్జీకి ఎంటీ అనే పేపరు ఉంది. ఇంజినీరింగ్ సైన్సెస్ అనే ఎక్స్‌ఈ పేపరులో కూడా మెటీరియల్స్ సైన్స్ ఒక విభాగం. గేట్ ద్వారా ఎంటెక్‌లో చేరితే నెలకు రూ.12,400 స్టైపెండ్ వస్తుంది. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 నుంచి నెలకు రూ.37,000. సీఎస్‌ఈ, మెకానికల్ పేపర్లు రాసే లక్షల మందితో పోలిస్తే ఎంటీ పేపరు రాసేవాళ్లు చాలా తక్కువ. శ్రద్ధగా చదివినవాళ్లకు ఐఐటీల్లో, బెంగళూరు ఐఐఎస్‌సీలో సీటు అందుతుంది. పోటీ తక్కువే కానీ పేపరు తేలిక కాదు. ముఖ్యంగా థర్మోడైనమిక్స్ అర్థం కాకుండా బట్టీ పట్టినవాళ్లు అక్కడే పోగొట్టుకుంటారు.

ఇప్పుడు మీ బంధువుల "ఉద్యోగాలు ఉండవు" అన్న మాటకు వస్తాను. తెలంగాణలో ఉండి ఎవరైనా ఈ మాట అంటే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఈ సబ్జెక్టుకు దేశంలో హైదరాబాద్‌ను మించిన ఊరు నాకు తెలిసి లేదు. 1963లో మొదలైన డీఎంఆర్‌ఎల్, అంటే రక్షణ శాఖ లోహ పరిశోధనశాల, కంచన్‌బాగ్‌లో ఉంది. మన యుద్ధ ట్యాంకులకు వాడే కవచానికి కంచన్ అనే పేరు ఆ చోటును బట్టే వచ్చింది. హెలికాప్టర్ ఇంజిన్‌కు కావలసిన సింగిల్ క్రిస్టల్ బ్లేడ్లను అభివృద్ధి చేసి 2021లో విమానాల తయారీ సంస్థ హెచ్‌ఏఎల్‌కు 60 బ్లేడ్లు అందజేసింది అక్కడివాళ్లే. బ్లేడు మొత్తం ఒకే స్ఫటికంగా పోత పోస్తారు. లోపల స్ఫటికాల మధ్య సరిహద్దులు ఉండవు కాబట్టి అంత వేడిలో తిరుగుతున్నా ఆ సరిహద్దుల వెంట సాగిపోయే భయం ఉండదు. ప్రపంచంలో కొద్ది దేశాలకే తెలిసిన పని అది.

దాని పక్కనే 1973లో పెట్టిన ప్రభుత్వ ప్రత్యేక లోహాల కంపెనీ మిధాని ఉంది. పీఎస్‌ఎల్‌వీ రాకెట్ మొదటి దశ మోటార్ కేసింగ్‌కు వాడే మారేజింగ్ స్టీల్ అనే చాలా బలమైన ఉక్కు, విమానాలకు టైటానియం, సూపర్ అల్లాయ్‌లు తయారుచేస్తుంది. ఇంకోవైపు ఎన్‌ఎఫ్‌సీ, అంటే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, 1971 నుంచి అణు రియాక్టర్లకు ఇంధన బండిల్స్‌నూ, జిర్కోనియం మిశ్రమ లోహపు గొట్టాలనూ తయారుచేస్తోంది. బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ ఉంది, పౌడర్ మెటలర్జీకీ కోటింగ్స్‌కీ దేశంలో పేరున్న చోటు. వీటి చుట్టూ విమాన ఇంజిన్ భాగాలు, టర్బైన్ బ్లేడ్లు చేసే ప్రైవేటు కంపెనీలు, వాటికి హీట్ ట్రీట్‌మెంట్, టెస్టింగ్ చేసిపెట్టే చిన్న యూనిట్లు ఎన్నో పెరిగాయి. నాకూ నా జూనియర్లకూ అన్నం పెడుతున్నది ఈ చిన్న యూనిట్లే. వాటి పేర్లు పేపర్లలో రావు గనుక బయటివాళ్లకు తెలియవు.

మనవాళ్లు ఈ రంగంలో ఎంత దూరం వెళ్లారో కూడా అమ్మాయికి చెప్పండి. డీఎంఆర్‌ఎల్‌కు డైరెక్టర్‌గా, తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి వైస్ చాన్సలర్‌గా పనిచేసిన పల్లె రామారావు గారు మెటలర్జిస్టు. 2011లో ఆయనకు పద్మవిభూషణ్ వచ్చింది. 2019లో ఐఐటీ హైదరాబాద్ డైరెక్టర్ అయిన బి.ఎస్. మూర్తి గారిదీ ఇదే సబ్జెక్టు.

ప్రభుత్వ ఉద్యోగాల్లో డీఆర్‌డీఓ సైంటిస్ట్ బీ పోస్టుకు గేట్ స్కోరు చూస్తారు, మెటలర్జీకి విడిగా ఖాళీలు ప్రకటిస్తారు. మూల వేతనం రూ.56,100, దాని మీద డీఏ వగైరా. బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) ట్రైనింగ్ స్కూల్లోనూ మెటలర్జీవాళ్లను తీసుకుంటారు. సెయిల్, నాల్కో, మిధాని, ఎన్‌ఎండీసీ లాంటి సంస్థలు మేనేజ్‌మెంట్ ట్రెయినీలను తీసుకుంటాయి. వీటిలో ఒక చిక్కుంది: నోటిఫికేషన్ ప్రతి ఏడాదీ రాదు. వచ్చిన ఏడాది పది మంది, రాని ఏడాది సున్నా. విశాఖ స్టీల్ సంగతి మీరు వార్తల్లో చూస్తూనే ఉన్నారు. 2025 జనవరిలో కేంద్రం రూ.11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చినా, ఒకప్పటిలా దాన్ని నమ్ముకుని కూర్చునే రోజులు కావు. కాబట్టి ఒక్క పీఎస్‌యూ మీదే ఆశ పెట్టుకుని రెండు మూడేళ్లు ఖాళీగా చదవనివ్వొద్దు. చదువుకుంటూనో పనిచేస్తూనో రాయాలి.

ప్రైవేటు స్టీల్ కంపెనీల్లో పని ఇంకా పెరుగుతుంది. 2017 జాతీయ ఉక్కు విధానం 2030-31 నాటికి 30 కోట్ల టన్నుల సామర్థ్యాన్ని లక్ష్యంగా పెట్టుకుంది. దానికి తోడు యూరప్ 2026 జనవరి నుంచి దిగుమతి అయ్యే స్టీల్ తయారీలో వెలువడిన కార్బన్‌కు లెక్కకట్టి ఛార్జీ వేసే పద్ధతి అమల్లోకి తెచ్చింది. బొగ్గు తగ్గించి స్టీల్ ఎలా చేయాలి, తుక్కు ఇనుములోంచి రాగి లాంటి మలినాలను ఎలా వదిలించుకోవాలి అన్నవి ఇప్పుడు మన కంపెనీలకు డబ్బు సమస్యలు. వాటిని తీర్చాల్సింది మెటలర్జిస్టులే.

సెమీకండక్టర్లు, బ్యాటరీల గురించి అందరూ ఉత్సాహంగా మాట్లాడుతున్నారు. గుజరాత్‌లో సాణంద్, ధోలేరా, అస్సాంలో జాగీరోడ్ దగ్గర యూనిట్లు వస్తున్నాయి. మనకు దగ్గర్లో మహబూబ్‌నగర్ పక్కన దివిటిపల్లిలో అమరరాజా వాళ్ల లిథియం బ్యాటరీ ప్రాజెక్టు ఉంది. వీటిలో మెటీరియల్స్‌వాళ్లకు నిజమైన పని ఉంది: ఎలక్ట్రోడ్ పూత మందం, పౌడర్ రేణువుల సైజు, పొరల మధ్య అతుకు సరిగా లేక వచ్చే వైఫల్యాలు. అయితే అదే ఉద్యోగానికి కెమికల్, ఎలక్ట్రానిక్స్, ఫిజిక్స్ ఎమ్మెస్సీవాళ్లు కూడా పోటీకి వస్తారు. ఎక్స్ఆర్‌డీ (ఎక్స్‌రేలతో పరమాణువుల అమరిక చూసేది), ఎస్ఈఎమ్ (ఒక రకం ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) లాంటి పరికరాల మీద చేయి తిరిగినవాళ్లకు అక్కడ ముందు చోటు దొరుకుతుంది. అందుకే ల్యాబ్ విషయంలో నేను గట్టిగా చెప్తాను. ఎమెరీ పేపరు మీద శాంపిల్‌ను గీత లేకుండా పాలిష్ చేయడం, నైటాల్ అనే యాసిడ్ ద్రావణంతో ఎచ్ చేయడం (లోపలి అమరిక కనిపించేలా పైపొరను కొద్దిగా కరిగించడం), మైక్రోస్కోప్‌లో కనిపించినదాన్ని తన మాటల్లో రాయడం వచ్చి ఉండాలి. గ్రూపులో ఒకరు చేస్తుంటే మిగతావాళ్లు చూసే ల్యాబులు చాలాచోట్ల ఉన్నాయి. అమ్మాయిని ఆ ఒక్కరు కమ్మనండి.

కోడింగ్ ఇష్టం లేదన్నారు. కొంచెమైనా నేర్చుకోక తప్పదు. మిశ్రమ లోహాలను ముందుగా కంప్యూటర్ మీద లెక్కగట్టి, తర్వాతే కరిగించే పద్ధతి బాగా పెరిగింది. థర్మోకాల్క్ లాంటి సాఫ్ట్‌వేర్లు, పైథాన్‌లో డేటా విశ్లేషణ, ఈ రెండూ తెలిసిన మెటలర్జిస్టు కోసం కంపెనీలు వెతుకుతున్నాయి. తనకు నచ్చే ప్రశ్నకు జవాబు వెతికే సాధనంగా వస్తే కోడింగ్ మీద విముఖత కూడా పోతుంది. మా ల్యాబ్‌లో అలా మారినవాళ్లను చూశాను.

విదేశాల సంగతి క్లుప్తంగా. అమెరికాలో మెటీరియల్స్ పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజూ, ఖర్చులకు డబ్బూ యూనివర్సిటీయే ఇస్తుంది. ఎంఎస్‌కు ఎక్కువగా సొంత డబ్బే. లోన్ తీసుకుని ఎంఎస్‌కు పంపే ముందు ఒకటి గుర్తుంచుకోండి: అక్కడి రక్షణ, అంతరిక్ష కంపెనీల్లో చాలా ఉద్యోగాలు పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. మనవాళ్లు ఎక్కువగా చిప్ తయారీ, ఆ పరికరాల కంపెనీల వైపు వెళ్తారు. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఫీజు నామమాత్రమే, ఆఖెన్ లాంటి చోట్ల స్టీల్ పరిశోధనకు పెద్ద పేరుంది. జర్మన్ భాష బీటెక్‌లోనే మొదలుపెడితే అక్కడ ఉద్యోగం వెతుక్కునేటప్పుడు పనికొస్తుంది. మూడో సంవత్సరం వేసవిలో డాడ్ (విదేశీ విద్యార్థులకు సాయం చేసే జర్మనీ సంస్థ) వాళ్ల వైజ్ స్కాలర్‌షిప్ మీద ఇంటర్న్‌షిప్‌కు ప్రయత్నించవచ్చు. ఇక్కడే ఉండాలనుకుంటే సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్ ఉంది.

ఇక ఆడపిల్ల అన్న మాట. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయను, మీ ఆందోళనలో నిజం ఉంది. ఊరికి దూరంగా ఉన్న కొన్ని ప్లాంట్లలో ఆడవాళ్లకు సరైన బట్టలు మార్చుకునే గది కూడా ఉండదు. రాత్రి షిఫ్టుకు రవాణా, భద్రత ఏర్పాట్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. ఉద్యోగంలో చేరే ముందు అవి అడిగి తెలుసుకోవడం తన హక్కు, అడిగితే తప్పుగా అనుకునే కంపెనీ అయితే చేరకపోవడమే మంచిది. కానీ ఈ రంగంలో సగం పని ల్యాబ్‌లో, డిజైన్ బల్ల దగ్గర, కంప్యూటర్ ముందు ఉంటుంది. షాప్ ఫ్లోర్ మీద కూడా మాట నిలిచేది పనితోనే. మా దగ్గర ఎంటెక్ చేసి చేరిన ఖమ్మం అమ్మాయి ఒకరున్నారు. ఒక ఫర్నేస్‌లోంచి వచ్చే బ్యాచ్‌లో కొన్ని భాగాల హార్డ్‌నెస్ ఎప్పుడూ తేడాగా వచ్చేది. సూపర్‌వైజర్లు స్టీల్‌ను తప్పుపట్టారు. ఆమె లోడ్ మధ్యలో, మూలల్లో విడివిడిగా థర్మోకపుల్స్ (వేడి కొలిచే సాధనాలు) పెట్టించి, ఒక మూల మిగతా చోట్ల కంటే 40 డిగ్రీలు చల్లగా ఉంటోందని చూపించింది. ఆ మూలలోని హీటింగ్ ఎలిమెంట్ సరిగా పనిచేయడం లేదు. అది మార్చాక తేడా పోయింది. అప్పటిదాకా ఆమె మాట వినిపించుకోని సీనియర్ ఆపరేటర్లు ఇప్పుడు ఏదైనా బ్యాచ్ తేడా వస్తే ముందు ఆమెనే పిలుస్తారు.

"చేరి తర్వాత బ్రాంచ్ మార్చుకోవచ్చు కదా" అని ఎవరైనా అంటే వినొద్దు. మొదటి ఏడాది తర్వాత మారే సీట్లు చాలా కొద్ది, వాటికి క్లాసులో పైన ఉన్నవాళ్లు వరుసలో ఉంటారు. అలాగే మనసులో సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఎన్‌ఐటీ పేరు కోసం ఈ బ్రాంచ్‌లో చేరడం కూడా సరికాదు. నా బ్యాచ్‌లో సాఫ్ట్‌వేర్‌కు వెళ్లి బాగున్నవాళ్లు ఉన్నారు. కానీ ఇష్టం లేని ఫేజ్ డయాగ్రమ్‌లతో (ఏ వేడిలో, ఏ మిశ్రమంలో లోహం ఏ రూపంలో ఉంటుందో చూపే పటాలు) నాలుగేళ్లు కుస్తీ పట్టి, సీజీపీఏ 6 దగ్గర ఆగి, అటు కోర్ కంపెనీలూ ఇటు సాఫ్ట్‌వేర్ కంపెనీలూ పెట్టే కటాఫ్ దాటలేక టెన్షన్ పడినవాళ్లూ ఉన్నారు.

ఇదే సందేహం ఉన్న మిగతావాళ్ల కోసం: ఐఐటీ హైదరాబాద్, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ, ట్రిపుల్ఐటీలుగా మనం పిలిచే ఆర్‌జీయూకేటీలు, జేఎన్‌టీయూ హైదరాబాద్, ఆంధ్రా యూనివర్సిటీల్లో ఈ బ్రాంచ్ ఉంది. ఫిజిక్స్‌లోనో కెమిస్ట్రీలోనో ఎమ్మెస్సీ చేసి గేట్ ద్వారా మెటీరియల్స్ ఎంటెక్‌కు వచ్చే దారి కూడా తెరిచే ఉంది. కాబట్టి ఇంజినీరింగ్ సీటు తప్పిపోయినంత మాత్రాన ఈ సబ్జెక్టు చేజారినట్టు కాదు.

కౌన్సెలింగ్ గడువు లోపల ఒక పని చేయండి. ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో మెటీరియల్స్ సైన్స్ మొదటి కోర్సు పాఠాలు ఉచితంగా ఉన్నాయి. క్రిస్టల్ స్ట్రక్చర్, ఫేజ్ డయాగ్రమ్ పాఠాలు రెండు మూడు అమ్మాయిని చూడమనండి, పక్కన కూర్చుని ఒత్తిడి చేయకండి. నచ్చితే, మీ జోసా (ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల కౌన్సెలింగ్) లిస్టులో పైన తనకు నిజంగా ఇంతకన్నా ఇష్టమైనవి ఏవీ లేకపోతే ఫ్రీజ్ (ఈ సీటే ఖాయం) పెట్టేయండి. ఐఐటీ మెటీరియల్స్ లాంటివి పైన ఉంటే ఫ్లోట్ (పైది వస్తే మారతాం) పెట్టండి, ఈ సీటు చేతిలోనే ఉంటుంది. సీఎస్‌ఈ సీటు దగ్గర ఫీజు కట్టమని కాలేజీవాళ్లు తొందరపెడుతుంటే, వెనక్కి తీసుకుంటే ఎంత తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకున్నాకే కట్టండి. అమ్మాయి పాఠాలు చూశాక తనకు వచ్చే సందేహాలు ఇక్కడే రాయమనండి, నేను జవాబిస్తాను.